మెరుగు చూపించాలంటే

గ్రాంటు సంగతి తేల్చడానికి రేపు ప్రభుత్వ కమిటీ యూనివర్సిటీకి వస్తోంది. శాఖాధిపతిగారు ఇంట్లో మంచం నిండా ఫైళ్ళు పరుచుకుని కూర్చున్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళకి అదే శాఖలో సాయంత్రం డిగ్రీలో చేరిన ఆయన భార్య, ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తోంది.

“అది కాదండీ, నేనడిగింది వేరు. మా ముగ్గురు మాస్టార్లకీ ఒకే రోజున పాఠం చెప్పడం ఎలా వచ్చింది?”

“వచ్చేదేమిటి? మొదట్నించీ వచ్చు వాళ్ళకి.”

“మొదట్నించీ వచ్చా?”

“అంటే... క్రమంగా మెరుగుపడ్డారు. గ్రాంటిచ్చేదే అందుకు కదా. కాలరు దగ్గర ముడత పోలేదు చూడు.”

“చూస్తున్నాలెండి. గొణుగుడు మాస్టారని మేం పేరు పెట్టుకున్నామే, ఆయన సంగతే తీసుకోండి. మొదటి పరీక్ష దాకా బోర్డు వైపు తిరిగి గోడకి పాఠం చెప్పారు. ఏదైనా అడిగితే ‘పుస్తకంలో ఉంటుంది’ అనేవారు. పరీక్షయిన మర్నాడు మా బెంచీల మధ్యకొచ్చి కూర్చుని, పక్కింటి మనిషిలా నచ్చచెప్పారు. మేం ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకున్నాం.”

“సంతోషించాలి గానీ...”

“సంతోషించాను. పరిగెత్తుకుంటూ వచ్చి మీకు చెప్పాను. మీరేమో నవ్వి ఊరుకున్నారు. ఆ నవ్వే నాకు నచ్చలేదు.”

“ఇప్పుడు నవ్వు మీద కూడా విచారణా?”

“మిగతా ఇద్దరూ అంతే. అదే రోజు. మీరేమైనా చెప్పారా వాళ్ళకి?”

“హెడ్డునన్నాక సవాలక్ష చెప్తాను.”

“ఆ సవాలక్షలో ఇదొకటా?”

“ఏది?”

“పరీక్షయ్యేదాకా సరిగ్గా చెప్పొద్దని.”

“అలాగని ఎవరన్నారు?”

“ఎవరూ అనలేదు. నేనే అంటున్నాను. కాదనండి, ఊరుకుంటాను.”

“చొక్కా మాడుతుంది.”

“మాడదు, ప్లగ్గు తీసేశాను. కాదనండి.”

“ఇదిగో, నీకీ వ్యవహారాలు తెలీవు. మొదటి పరీక్షకీ రెండోదానికీ ఎంత తేడా కనిపిస్తే అంత మెరుగైనట్టు లెక్క. ఆ రూలు నేను పెట్టలేదు, ప్రభుత్వం పెట్టింది. ముందే బాగున్నవాళ్ళకి పైసా రాదు. గ్రాంటు రాకపోతే వచ్చే ఏడు నీ సాయంత్రం క్లాసులే ఉండవు. నీ గొణుగుడు మాస్టారి ఉద్యోగమూ ఉండదు. పిల్లలు గలవాడు.”

“అంటే చెప్పారన్నమాట.”

“కాస్త నెమ్మదిగా వెళ్ళమన్నాను. అంతే.”

“నెమ్మదిగానా? నేను ఆ పరీక్ష తప్పానండీ.”

“తర్వాత పాసయ్యావుగా. అదీ అలా ఇలా కాదు.”

“తప్పినరోజు ఈ గదిలోనే ఏడ్చాను. మీరు నా పక్కన కూర్చుని ఏమన్నారు?”

“ధైర్యం చెప్పాను.”

“‘ఈ వయసులో బుర్రకెక్కదులే, బాధపడకు’ అన్నారు. ఎందుకెక్కలేదో తెలిసుండి అన్నారు.”

“మరేం చెప్పమంటావు? నీతో చెబితే క్లాసంతా పాకేది.”

“నేనంటే మొండిదాన్ని, మళ్ళీ వెళ్ళాను. నా పక్కన కూర్చునే దర్జీ అక్కయ్య సంగతేమిటి? పగలంతా మిషను తొక్కి, ఆ కాళ్ళీడ్చుకుంటూ వచ్చేది. పరీక్ష తప్పగానే ‘చదువు మన ఒంటికి పడదమ్మా’ అని మానేసింది. తప్పు తనది కాదని ఆవిడకి ఎవరు చెప్తారు?”

“మళ్ళీ చేర్చుకుందాం. గ్రాంటు రానీ, నేనే స్వయంగా వెళ్ళి పిలుస్తాను.”

“ఏమని పిలుస్తారు?”

“ఏదో ఒకటి చెప్తాను. నువ్వు మాత్రం రేపటి దాకా ఇదంతా కడుపులో పెట్టుకో. కమిటీవాళ్ళు వెళ్ళిపోయాక తీరిగ్గా తిడుదువుగాని.”

“కుదరదండీ.”

“ఏం?”

“ఇందాక కమిటీవాళ్ళే ఫోన్ చేశారు. మీ శాఖలో అందరికన్నా ఎక్కువ మెరుగుపడిన విద్యార్థిని నేనేనట. ఎలా మెరుగుపడ్డానో రేపు వాళ్ళ ముందు చెప్పాలట.”