నేను రాసిన అబద్ధపు కాయితం

సభకు అధ్యక్షత వహిస్తున్న హెడ్‌మాస్టర్ ప్రేమలత మేడం గారికి, ముఖ్య అతిథి, మన బడి గోడ వెనక టైర్లు కాల్చి నూనె తీసే కంపెనీ యజమాని అరవింద్ గారికి, ఊరి పెద్దలకు, తోటి టీచర్లకు, ఇరవై ఆరేండ్ల నుంచి నా విజిల్‌కు భయపడ్డ పిల్లలందరికీ నమస్కారం. (నవ్వులు)

ఇయ్యాల నా రిటైర్మెంట్ సభల, నా గురించి, మల్లేశ్వర్ సారు వానల గూడ పిల్లల్ని ఉరికిచ్చిండని బుచ్చయ్య సారు మెచ్చుకున్నరు. నిజమే సార్, మీ లెక్కల పీరియడ్లు గూడ చానసార్లు గుంజుకున్న. (నవ్వులు) ఇగ నవ్వుడు ఇక్కడికి చాలు. నాకు కోపంగ ఉన్నది. దాన్ని శాలువాల చుట్టి ఇంటికి తీసుకపోయే ఉద్దేశం లేదు.

మన కవిత ఎనిమిది వందల మీటర్లు ఉరికితే శంషాబాద్ మండలంల ఎవ్వరూ అందకపోయేది. ఎనిమిదో తరగతిల రెండు నిమిషాల ముప్పై ఎనిమిది సెకన్లు. తొమ్మిదిల రెండు నిమిషాల యాభై దాటింది. పిల్ల కాళ్లు పొడుగైతున్నయి, టైము గూడ పెరుగుతున్నది, ఇదేంది అని ఆటల సారు జర ఆలోచించాలె గదా? నేను ఆలోచించలే. ఫోన్ పట్టుకొని కూసుంటున్నవని తిట్టి, రోజూ రెండు రౌండ్లు ఎక్కువ ఉరికిచ్చిన. అది చలికాలం. కంపెనీ పొగ మీదికి పోక, పొద్దుగాల మన మైదానం మీదనే పరుసుకొని ఉండేది. గోడ అవతల కుర్మయ్య అన్న కొత్తిమీర కడిగితే నీళ్లు సిరా లెక్క దిగేటియి. కొనెటోళ్లు లేక పంట మీద ట్రాక్టర్ తోలిండు. డాబా మీద పడ్డ వాన నీళ్లు తాగొద్దని మనమే బోర్డు పెట్టినం. ఆకు మీది మసి మనకు కనబడ్డది, పిల్లల ఊపిరితిత్తులల్లకు పోయింది కనబడలే.

రెండేండ్ల కింద, డిసెంబర్ల, ఆ ఎక్కువ రౌండ్లు ఉరుకుతనే కవిత పడిపోయింది. పెదవులు నీలమైనయి. ఆటోల ఏసుకొని శంషాబాద్ దవాఖానకు తీసుకపోయిన. వాళ్లమ్మ శివమ్మ ఎయిర్‌పోర్టు కాడి గోదాంల పని చేస్తది, యూనిఫాం మీదనే ఉరికొచ్చింది. డాక్టర్ ఛాతీ చూసి, మీ ఊర్ల ఏం కాలుస్తున్నరని అడిగిండు. ఆవిరి మాస్కు తీసినంక కవిత నన్ను చూసి ఒక్కటే మాట అన్నది.

"సార్, నేను కావాలని మెల్లగ ఉరకలే."



కంపెనీ పొగ మీద శివమ్మ కాలుష్య మండలికి అర్జీ పెట్టింది. తనిఖీకి వచ్చిన్రు. ఏ రోజు వస్తరో కంపెనీకి ముందే తెలుసు, ఆ రోజు బట్టీ బంద్. ఆ మీదట, పిల్లకు చిన్నప్పటి నుంచే దమ్ము, అంటే ఆయాసం జబ్బు, ఉన్నదని కంపెనీకి బడి తరఫున కాయితం కావాల్సి వచ్చింది. మేడం, మీరు నన్ను పిలిచి, మనకు బెంచీలు, ఆట సామాన్లు ఇస్తున్నది అరవింద్ గారే, రెండేండ్లల్ల రిటైర్ అయితరు, మీకెందుకు పరేషాన్ అన్నరు. తల దించుకోకుండ్రి మేడం. అడిగింది మీరే గని, రాసింది నా చెయ్యి. ఆ కాయితంతోనే శివమ్మ అర్జీ కొట్టేసిన్రు.

అరవింద్ గారూ, జర కూసోండ్రి, అయిపొచ్చింది. మీ ఇల్లు ఈడ లేదు, మీ పిల్లలు పీల్చేది వేరే గాలి. మా పిల్లలకు బూట్లిచ్చి, ఉరికేటందుకు ఊపిరి లేకుంట చేసిన్రు. ఆ బూట్లు పంచింది నేనే. మీతోని ఫోటో గూడ దిగిన. నన్ను నేను తిట్టుకోని రోజు లేదు.

నిన్న శివమ్మ ఇంటికి పోయి, నేను రాసింది అబద్ధమని చెప్పిన. ఆమె తిట్టలే, కూసోమనలే. కవితనే తలుపు కాడికి వచ్చింది. ఇప్పుడు ఇంటర్ చదువుతున్నది, నాలుగు మెట్లెక్కితే ఆగుతది. "కొత్త కాయితం రాసిస్తరా సార్?" అని అడిగింది.

రాసిన. ఇదే అది. ఎనిమిదో తరగతి దాంక ఈ పిల్లకు ఏ జబ్బూ లేకుండె, మండలంల అందరి కంటే ముందు ఉరికింది, మొదటి కాయితం అబద్ధం, అని రాసిన. శివమ్మ మళ్లీ అర్జీ పెట్టింది, బుధవారం విచారణ ఉన్నది, ఆమె పక్కన నేను నిలబడత. నా సంతకం కింద మీ సంతకాలకు చాన జాగ ఖాళీగ ఉన్నది. కాయితం, పెన్ను ఈ బల్ల మీద పెడుతున్న. గేటు కాడ అరగంట ఉంటా, సంతకాలైనంక కాయితం ఆడికి పంపుండ్రి.

మీ అభిమానానికి అందరికీ ధన్యవాదాలు. సెలవు.