సుందరమ్మ వేలిముద్ర

అదిగో, మళ్ళీ అదే మాట! "కాగితం ఉంది బాబాయ్, కాగితం ఉంది." ఉంటే ఉందమ్మా, నేను లేదన్నానా? కూర్చో ముందు. ఆ చెప్పులు గడప దగ్గర పెట్టకు, నాకు కనబడవు, తన్నుకుని పడతాను. షుగరు రెండు కళ్ళూ పట్టుకుపోయింది, పక్షవాతం కుడిచెయ్యి పట్టుకుపోయింది. ఇంక మిగిలింది ఈ నోరొకటే. దాని కోసమే కదా వచ్చేవు?

మంచినీళ్ళు తాగుతావా? వద్దా? సరే.

పోర్ట్‌బ్లెయిర్లో ఈ జంగ్లీఘాట్‌లో ఎవర్నడిగినా చెబుతున్నారు, లీదియా టీచరు వాళ్ళ నాన్న మీద పుస్తకం రాస్తోందని. నాకూ సంబరంగానే ఉండేది. ఏలీయా మీద పుస్తకమంటే మాటలా? విశాఖపట్నంలో ఓడెక్కించి నలభై కుటుంబాల్ని ఈ దీవుల్లో డిగ్లీపూర్ అడివిదాకా తీసుకొచ్చిన మేస్త్రీ. చెట్లు కొట్టే క్యాంపులో మొట్టమొదటి ప్రార్థన పాక వేసినవాడు. కూలీకి జొరమొచ్చి ఒళ్ళు కాలిపోతోంటే, "ఈడు ఇవాళ పనికి రాడు సార్" అని మేనేజరు మొహమ్మీదే చెప్పినవాడు. ఆ మాట అనడానికి ఆ రోజుల్లో ఎంత గుండె ఉండాలో నీకు తెలీదు.

నువ్వు ఆ రికార్డు రూముకి వెళ్ళకుండా ఉంటే ఎంత బాగుణ్ణు!

అరే, కోప్పడకు. తెలుసులే. మీ అమ్మే కదా పంపించింది నిన్ను? నీకు ఊహ తెలిసిన దగ్గర్నించీ ఒకటే పాట: "మీ నాన్న సంగతంతా సర్కారు కాగితంలో ఉందే. నానే సెప్పినాను, రాసుకున్నారు. పెద్దయినాక సదువుకుందువు." ఆ మాట పట్టుకునే నువ్వు చరిత్ర చదివేవు, టీచరువయ్యేవు. నాలుగు నెలలు అర్జీలు పెట్టి, చెదలు దులిపించి ఆ ఫైలు తీయించేవు.

ఏదీ, మళ్ళీ చదువు. కాపీ చేసుకొచ్చేవు కదా? తెలుగులో చెప్పొద్దు, ఉన్నది ఉన్నట్టు చదువు. నాకు వినాలనుంది.

ఊఁ... ఊఁ. మన భాషలో అయితే, "ఏలీయా అనువాడు క్యాంపు పడవ దొంగిలించి పరారైనాడు. పోతూ నాకుగానీ బిడ్డకుగానీ చెప్పలేదు. సుందరమ్మ, వేలిముద్ర." దాని కిందేముంది? "తెలుగు నించి ఇంగ్లీషులోకి తర్జుమా చేసినది గణేశ్వరరావు, క్యాంపు గుమాస్తా."

ఇంగ్లీషు ముత్యాల్లా ఉంది కదూ? నా రాత చూసి మేనేజరు కూడా మెచ్చుకునేవాడు.

సరే, నీ ప్రశ్నేదో నేనే చెబుతాను. పోయినేడు కన్నుమూసేదాకా ముప్ఫై రెండేళ్ళు మీ అమ్మ విధవరాలిగా బతికింది. ప్రతి జూన్‌లోనూ జ్ఞాపకార్థ కూడిక పెట్టి, పాస్టరుగార్ని పిలిచి, అందరికీ చాయ్ బిస్కట్లు ఇచ్చి, నా పెనిమిటి పనిలో పోయాడని ఏడ్చింది. ఏలీయా బర్మా పోయి ఇంకో పెళ్ళి చేసుకున్నాడని ఊరంతా చెవులు కొరుక్కున్నా ఆ మాటే చెప్పింది. ఇప్పుడేమో ఆవిడ వేలిముద్రే ఆవిడ అబద్ధం చెప్పిందంటోంది. నువ్వు ఆఖరి అధ్యాయం అలాగే రాసేవు. సోమవారం ప్రెస్సుకి పంపిస్తావు, ఈ జూన్‌లో కూడిక పెట్టవు. "మా అమ్మ ఇదే చెప్పిందా బాబాయ్, అవునా కాదా?" అంతేగా?

ఆగు. గుమాస్తాని, నాకు వరసలో చెప్పడమే వచ్చు.

ఇంత చదివినదానివి, ఆ ఫైల్లో ఉన్న నాలుగు సాక్ష్యాలూ పక్కపక్కన పెట్టి చూళ్ళేదా? క్యాంపు కూలీలు నూకన్నది, అప్పలరాముడిది, లక్ష్ముడిది, ఇంక మీ అమ్మది. నాలుగు నోళ్ళు, నాలుగింటా ఒకటే వాక్యం! నూకన్న రెండు మాటలు కూడా తిన్నగా చెప్పలేడు, నత్తి. అలాంటివాడు అంత పొడుగు వాక్యం తడబడకుండా చెప్పేడంటే నీకు అనుమానం రావద్దూ?

పిల్లలకి పాఠాలు మాత్రం చెబుతారు!

మీ నాన్న పోయిన మూడో రోజున ఎంక్వయిరీ ఆఫీసరు లాంచీలో క్యాంపుకి వచ్చేడు. పాపం మంచివాడే, ఆయన తప్పేం లేదు. టార్పాలిన్ కింద కుర్చీ వేసేం. ఆయనకి హిందీ, ఇంగ్లీషు. మనవాళ్ళకి తెలుగు తప్ప ఇంకో ముక్క రాదు. ఆ ఒడ్డు మీద అటూ ఇటూ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. వాళ్ళు చెప్పింది నేను వినాలి, నేను చెప్పింది ఆయన వినాలి. బస్, అంతే.

మీ అమ్మ వచ్చి నిలబడింది. నువ్వు చంకలో ఉన్నావు, మూడేళ్ళేమో నీకు. ఏమందో చెప్పనా? ముప్ఫై మూడేళ్ళయింది, ఒక్క ముక్క మర్చిపోలేదు.

"బాబూ, మా పాప అయ్య దుంగల తెప్ప మీదే ఉన్నాడు. సముద్రం బాగోనేదు, కుర్రోళ్ళని పంపను, నానొక్కణ్నే దుంగలు ఓడకాడ ఒప్పజెప్పి వొత్తానన్నాడు. ఒడ్డున నిలబడి సూసినాను. తెప్ప ఇడిపోనాది. దుంగల మజ్జిలోకి ఎల్లిపోనాడు. సెయ్యొకటి పైకొచ్చింది. మరి రానేదు."

అదమ్మా మీ అమ్మ చెప్పింది. నేను ఆఫీసరు వైపు తిరిగి, "మొగుడు పడవ దొంగిలించి పారిపోయాడంటోంది సార్" అన్నాను.

ఏడుస్తున్న మనిషిని చూసి ఆయన అయ్యో పాపమన్నాడు. మొగుడొదిలేసిన ఆడది ఏడవదూ? ఆయనకి అంతా సరిగ్గానే కనబడింది. నేను రాసేను. మీ అమ్మ బొటనవేలు పట్టుకుని సిరాలో అద్ది, నేనే నొక్కేను. "నాను సెప్పిందంతా రాసినావా బాబూ?" అంది. రాసేనన్నాను. "దేవుడు నిన్ను సల్లగా సూడాల" అంది. వేలికంటిన సిరా తలకి రాసుకుని వెళ్ళిపోయింది.

పడవ మాట పూర్తి అబద్ధం కాదులే. పడవ నిజంగానే కనబడకుండా పోయింది. మేనేజరే రాళ్ళేసి ముంచేసేడు.

ఎందుకు రాసేనంటావేం? ఎవడూ నా మెడ మీద కత్తి పెట్టలేదు తల్లీ. చచ్చిపోయాడని రాస్తే, అంత సముద్రంలో తెప్ప ఎందుకు వదిలేరని అడుగుతారు. పారిపోయాడంటే ఎవడూ ఏమీ అడగడు. మేనేజరు అన్నాడు, "గణేశ్, పోర్ట్‌బ్లెయిర్లో ఉద్యోగానికి సిఫారసు ఉత్తరం కావాలన్నావు కదా?" అని. జడిసేను, ఆశపడ్డాను. రెండూనూ. ఈ ఇల్లు, ఈ మంచం, అంతా ఆ ఉత్తరంలోంచి వచ్చిందే.

మీ వాళ్ళకి డిగ్లీపూర్లో ఇవ్వాల్సిన భూమి? పారిపోయినోడి పేరు లిస్టులో ఎందుకని కొట్టేసేరు. అందుకే మీ అమ్మ నిన్నెత్తుకుని ఇక్కడికొచ్చి చేపల గంప నెత్తికెత్తుకుంది. నేనున్నాననే ఈ వీధికి వచ్చింది చూడు! తెలిసినవాణ్ణని, చదువుకున్నవాణ్ణని. ఉత్తరమొస్తే నా దగ్గరికే, అర్జీ పెట్టాలంటే నా దగ్గరికే. నిన్ను బళ్ళో వేసిన రోజున ఫారం నింపింది ఎవరనుకున్నావు?

ప్రతి జూన్‌లోనూ కూడికకి వెళ్ళేను. ముందు వరసలో కూర్చోబెట్టేది. ప్రార్థనయ్యాక చాయ్ చేతికిచ్చి అడిగేది, "బాబూ, ఆ కాగితం బద్రంగా ఉందా?" అని. ఉందమ్మా అనేవాణ్ణి. ఆ బిస్కట్లు ఎలా మింగేనో అడగవేం? బాగానే మింగేను. మనిషి దేనికైనా అలవాటు పడిపోతాడు.

పోయిన ఏడు ఆవిడ పెట్టె గోతిలోకి దిగుతోంటే కూడా నోరు విప్పలేదు నేను. ఛీ!

ఏమన్నావు? వేరే కాగితమేదైనా ఉందా అనా? ఏదైనా మూలం ఉండాలి, లేకపోతే ఎవరూ నమ్మరంటావా?

ఉండేది.

మీ నాన్న తెప్పెక్కిన రోజు పొద్దున్న వైర్‌లెస్‌లో కబురొచ్చింది. గాలి వస్తోంది, తెప్పలు గానీ పడవలు గానీ వదలొద్దని. నా చేత్తోనే రాసుకున్నాను. మేనేజరుకి చూపిస్తే, దుంగలెక్కించుకునే ఓడ ఇవాళ వెళ్ళిపోతుంది, ఆ చీటీ సొరుగులో పడెయ్యమన్నాడు. పడేసేను. ఎంక్వయిరీ లాంచీ రాకముందే పొయ్యిలో పెట్టేను.

ఉండు, లేవకు. ఇంకొకటుంది. ఇది ఎవరికీ చెప్పలేదు, నా పెళ్ళానికి కూడా.

తెప్ప దగ్గరికి పోతూ మీ నాన్న ఆఫీసు గుమ్మం దగ్గర ఆగేడు. భుజమ్మీద తాడు, చేతిలో మీ అమ్మ కట్టిచ్చిన సద్దిమూట. "గుమస్తా బాబూ, గాలి కబురేటైనా వొచ్చిందా?" అని అడిగేడు. సొరుగు నా మోకాలికి తగులుతోంది.

రాలేదన్నాను.

తల ఊపి వెళ్ళిపోయేడు. నేను చెప్పేనుగనక నమ్మేడు.

లీదియమ్మా... ఉన్నావా? కొడితే కొట్టు, నాకు కనబడదు కూడానూ. తిట్టు పోనీ.

హాఁ, పెన్ను చప్పుడు వినిపిస్తోంది. రాసుకో. కింద ఏమని పెడతావు, ఏ ఫైలు, ఏ పేజీ? ఒక ఫైల్లో నా చేతిరాత ఉంది, దాని మీద నా నోటిమాట. నలుగురూ ఏమంటారు? ముసలాడికి మతి పోయింది, షుగరు తలకెక్కింది, చేపలమ్ముకునేదాని మీద జాలిపడి అబద్ధం చెప్పేడంటారు. కాగితం కాగితమే అంటారు. క్యా కరేఁ, ఏం చెయ్యను! నేను రాసినదాన్ని ఇప్పుడు నేనే చెరపలేకపోతున్నాను.

అయినా రాయి. మీ అమ్మ నిజమే చెప్పిందని రాయి. అయిందా?

సంతకమా? కుడిచెయ్యి పడిపోయిందన్నానుగా. ఇదిగో ఎడమచెయ్యి. బొటనవేలు పట్టుకుని నీ పెన్ను సిరా పుయ్యి, అదే చాలు.

చదివి వినిపిస్తావా? ఎందుకూ? మీ అమ్మకి నేను వినిపించేనా? నువ్వేం రాసుంటే అదే. ఎక్కడ నొక్కాలో నువ్వే చూసి నొక్కు.

గట్టిగా.

గుడ్డ కోసం వెతక్కు. తలకి రాసుకుంటాను.