మెలకువగానే పీకండి

“ఎక్స్‌రేలో ఈ పంటి వేరు చూడు యేబున్, నీ కింది పెదవికి వెళ్లే నరాన్ని కొక్కెంలా పట్టుకుని ఉంది.”

“పెదవికి వెళ్లే నరమా? నేను పీరీ సన్నాయి ఊదేదాన్ని డాక్టర్‌గారూ. రెల్లు ముక్కని పెదాలతో బిగబట్టడమే నా బతుకు. పెదవి మొద్దుబారితే ఇంక ఇంట్లో గిన్నెలు కడుక్కోవడమే.”

“అందుకే భయపడొద్దంటున్నా.”

“మీరింకా అననే లేదు.”

“ఇప్పుడంటున్నా. అలా వదిలేస్తే చీము గొంతుకి దిగుతుంది. ఇవాళే తీసెయ్యాలి. ఒట్టి మత్తు సూదితో తియ్యొచ్చు. లేదంటే ముక్కుకి గొట్టం పెట్టి నవ్వు గాలి పీల్పిస్తాం, మెలకువగానే ఉంటావు గానీ తేలిపోతున్నట్టుంటుంది. అదీ కాదంటే చేతికి నిద్రమందు ఎక్కిస్తాం. కళ్లు మూసి తెరిచేసరికి పన్ను ఉండదు. నీకు అదే మంచిది.”

“ఒట్టి సూది చాలు.”

“విను ముందు.”

“విన్నాను. ఒట్టి సూది. నేను మెలకువగా ఉండాలి.”

“సూది పడ్డాక పెదవి ఎలాగూ మొద్దుబారుతుంది కదమ్మా. మెలకువగా ఉండి నువ్వు చేసేదేముంది?”

“నరానికి తగిలితే, సూది వేసినా సరే, కరెంటు కొట్టినట్టు జివ్వుమంటుందని మా అత్తకి మీరే చెప్పారు. జివ్వుమంటే చెయ్యెత్తుతాను. మీరు ఆపుతారు. అంతేగా?”

“అంటే... అవుననుకో. కానీ కదిలితే ప్రమాదం. నిద్రలో అయితే కదలవు.”

“కచేరీలో బాసింపట్టు వేసుక్కూర్చుంటే ముక్కు మీద ఈగ వాలినా కదలను నేను.”

“పోనీ నవ్వు గాలైనా పెట్టించుకో.”

“పోనీ ఏంటి, కూరగాయల బేరమా? నవ్వొస్తే కదలనా మరి?”

“అది నవ్వించదు, పేరే అలాంటిది. తోడు ఎవరొచ్చారు? నిద్రమందుకి తోడు ఉండాలి.”

“మా ఆయన. పన్ను పీకాక జావే తినాలి కదా అని కింద కొట్లో జావ చెప్పి కూర్చున్నాడు. తనకి.”

“అతనికి పోయిన వసంతంలో నిద్రలోనే తీశాం. హాయిగా ఉందన్నాడు.”

“లేస్తూనే ఈ కుర్చీని వాటేసుకుని వాళ్లమ్మ అనుకుని క్షమాపణ అడిగాడు. క్షమించిందట, అందుకు హాయి. బియ్యప్పిండి కేకుల కొట్టావిడకీ నిద్రే. ఆవిడ ఊగే పన్నుకి కూడా నిద్రేనా? ఇదివరకు మీరిలా కాదే. నా పాలపన్నుకి దారం కట్టి, నుదుటి మీద ఫట్‌మని ఒకటిచ్చి లాగేశారు. నేను ఏడవడం మొదలెట్టేలోగా పన్ను ఇంటికప్పు పెంకుల మీద ఉంది.”

“కాలం మారింది. సియోల్‌లో అందరూ నిద్రలోనే చేయించుకుంటున్నారు.”

“ఇది సియోల్ కాదు, మన జొంజు.”

“అయితే పెద్దాసుపత్రికి వెళ్లు. అక్కడ కుర్రాళ్లున్నారు, మంచి మెషిన్లున్నాయి.”

“ఇవాళే తీసెయ్యాలన్నది మీరే. అక్కడ నా వంతు వచ్చేసరికి పీరీకి చెద పడుతుంది. నా నోట్లో మీ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి వద్దు.”

“మా దగ్గర డాక్టర్ ప్యో కూడా ఉన్నాడు. చురుకైనవాడు.”

“ఎవరు, ఇందాక వెనకగదిలోంచి తొంగిచూసి తలుపేసుకున్నాయనా? ఆయన పళ్లు శుభ్రం చెయ్యడానికే కదా?”

“చేస్తాడు. అన్నీ చేస్తాడు.”

“అన్నీ అంటే?”

“ఏసీ ఎక్కువైందా నీకు?”

“అన్నీ అంటే ఏంటి డాక్టర్‌గారూ?”

“సాయం. అన్నీ అంటే సాయం. నిద్రమందుకి సరేనను యేబున్. పొద్దుటినుంచి ఏమీ తినలేదు కదా?”

“నాకు పీరీ నేర్పిన హామ్ గురువుగారిదీ ఇదే పాట. ‘వెళ్తే వెళ్లు, నిద్రమందు మాత్రం తప్పకుండా తీసుకో’ అన్నారు. ఆయన మటుకు మీ దగ్గర మెలకువగానే పీకించుకున్నారు. నన్నెందుకు పడుకోమంటారు?”

“హామ్... ఇంకేమన్నా అన్నాడా?”

“అడిగితే, ఈ ఏడు రెల్లు బాగా పండిందన్నారు. చలిగాలికి మూతి మొద్దుబారి పీరీ వదిలేసినప్పటినుంచి ఆయన దేనికీ తిన్నగా జవాబు చెప్పరు. మీ స్నేహితులిద్దరిదీ ఒకే జబ్బు.”

“నోరు పుక్కిలించు ముందు. ఇదుగో నీళ్లు.”

“చూడండి, మీకన్నా ఎంత చిన్నదాన్ని నేను. గ్లాసు అందిస్తూ కుడి మణికట్టుని ఎడం చేత్తో పట్టుకుంటారేంటి? అది చిన్నవాళ్లు పెద్దవాళ్లకి చేసే మర్యాద. బజారంతా మీ వినయం గురించే చెప్పుకుంటుంది తెలుసా? అంత పెద్దాయన, పసిపిల్లలకి కూడా అలాగే ఇస్తాడని.”

“అలవాటైపోయింది.”

“నాకు సిగ్గుగా ఉంటుంది. ఒంటిచేత్తో ఇవ్వండి.”

“వద్దులే.”

“నా పెదవిని మీ చేతుల్లో పెడుతున్నాను, నాకు మర్యాదలెందుకు? ఎడం చెయ్యి తీసెయ్యండి.”

“యేబున్, వద్దన్నానా.”

“తీసెయ్యండి... అయ్యో, ఒళ్లంతా తడిపేశారు. డాక్టర్‌గారూ... మీ చెయ్యి ఇలా వణికిపోతోందేంటి?”

“చూశావుగా.”

“ఎప్పటినుంచి?”

“మెల్లగా మాట్లాడు.”

“మెల్లగానే అడుగుతున్నా. మా ఆయన పన్ను తీసిందెవరు?”

“ప్యో. మీరు నిద్రపోయాక వస్తాడు, లేచేలోగా వెళ్లిపోతాడు. నేను పక్కన నిలబడతాను. కళ్లు తెరవగానే మీకు నా మొహం కనిపించాలి కదా.”

“ఊరంతటినీ పడుకోబెట్టింది అందుకా?”

“బాగా చేస్తాడు యేబున్. నాకన్నా బాగా చేస్తాడు. ఒక్కరికీ ఏమీ కాలేదు.”

“అయితే ఆయన్నే పిలవండి. నేను చూస్తుండగానే తియ్యమనండి. కానీ ఒక్కటి చెప్పండి. గురువుగారు నిద్రపోలేదు. ఆయన పన్ను ఎవరు తీశారు?”

“నేనే.”

“ఈ చేత్తోనా?”

“అదే ఈ చెయ్యి తీసిన ఆఖరి పన్ను. హామ్ మూతిని పాడుచేసింది చలిగాలి కాదు. వాడూ నీలాగే, జివ్వుమంటే చెయ్యెత్తుతానన్నాడు. ఎత్తాడు. నేను చూశాను, ఆపాలనుకున్నాను. నా చెయ్యి ఆగలేదు.”