రాప్తాడులో ఎర్రచుక్క

ఓబుళేసు నోరు తెరిస్తే ఆపడం రాప్తాడులో ఎవరి తరమూ కాదు. చేసేది అనంతపురం కాలేజీ ల్యాబులో చచ్చిన జంతువుల్ని దాచిన సీసాలు తుడిచే పని, చెప్పేది సైంటిస్టు మాటలు. కానీ ఆ సాయంత్రం ఓబమ్మ టీ అంగడి ముందు అతను కథ మొదలుపెట్టకుండా టీ ఊదుకుంటున్నాడు. దానికి కారణం బెంచీ చివర కూర్చున్న ఆదెప్ప. పోయిన వారం ఇదే కథ విని, గబగబా చేను దారి పట్టిన రైతు. ఇవాళ గోళ్ళనిండా మట్టి, ఒళ్ళో మూతపెట్టిన పాలడబ్బా.

"ఆ బల్లి సంగతి చెప్పప్పా" అన్నాడు పక్కనే టీ తాగుతున్న గోవిందప్ప.

"బల్లి గాదు, సాలమాండర్! రూపం బల్లిది, కులం కప్పది. ఊపిరితిత్తులే లేవు, చర్మంతోనే గాలి పీలుస్తాది, చర్మం ఆరితే సచ్చినట్టే, అందుకే తడి ఉన్నచోటే బతుకుతాది. మా సీసాలో ఒకటుండాది, వేలంత, అమెరికా అడవులది. అది యాడాడ ఉంటాదో మా సార్లు పటంలో ఎర్రచుక్కలు పెట్టినారు, చుక్కలన్నీ సముద్రం కాడ నిలిచిపోయె. నేనంటి, సార్, రాప్తాడులో ఇంకో చుక్క పెట్టండి, ఆదెప్ప చేన్లో నల్లబండ కింద నా కండ్లతో చూసినా అని. పెట్టినారు!"

"సముద్రం ఎట్ల దాటెనప్పా?" అంది ఓబమ్మ.

"తడి ఎతుక్కుంటా భూమిలోపలే వచ్చినాది! ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

ఆదెప్ప నవ్వలేదు. డబ్బా మూత కాస్త ఎత్తి, లోపలి గుడ్డమీద నాలుగు చుక్కల నీళ్ళు చల్లి మళ్ళీ మూశాడు. ఓబుళేసు అది చూశాడు. భయమేస్తే ఎవరైనా తగ్గుతారు, ఇతనికి మాత్రం కోతలు పెరుగుతాయి.

"బండ ఎత్తితే వేలంత గాదు, ఉడుమంత! నాలుక ఇసిరితే ఆకాశంలో పోయే గద్ద నోట్లో పడె. తోక పట్టి లాగితే లాగేకొద్దీ వస్తాంది, బర్రెంత ఒళ్ళు, ఒకసారి ఇదిలిస్తే ఆ తడికి బుక్కరాయసముద్రం చెరువు నిండి మరవ పోయె!"

ఆదెప్ప లేచి వచ్చి డబ్బా తెరిచాడు.

"అన్నా, తడి ఉన్నచోటే బతుకుతాదంటివే, నీళ్ళుంటాయని ఆ బండకిందే తవ్వినాం, నేనూ నా పెండ్లామూ, పదకొండడుగులు. పాత బాయిలో దినానికి నాలుగు కడవలు ఊరుతాండె, దాన్ని ఇడిసిపెట్టి తవ్వినాం. నీళ్ళు పడలేదు, ఇది దొరికె. ఇదేనా? ఇంకా తవ్వమంటావా?"

తడిగుడ్డలో వేలెడంత బూడిదరంగు జీవి. కాదంటే పదకొండడుగుల చాకిరీ తన నెత్తిన పడుతుంది. ఓబుళేసుకు సిగ్గేసింది, అంతకంటే ఎక్కువ భయమేసింది.

"ఇదే" అన్నాడు. "పిల్ల."

ఆదెప్ప మొహం వెలిగింది. జాగ్రత్తగా దాన్ని అరచేతిలోకి తీసుకున్నాడు. అలాగే చాలాసేపు చూశాడు.

"ఊపిరితిత్తులు లేవంటివి గదన్నా. మరి దీని డొక్కలెందుకు ఎగిరెగిరి పడతాండాయి?"

గోవిందప్ప కూడా నవ్వలేదు.

ఆదెప్ప బల్లిని కంచెలోకి వదిలాడు. "ఈ వారంలో పాత బాయి గట్టు గూడా ఇరిగి పూడిపాయె. రేపు కాలేజీకి రజా పెట్టి పార తీసుకోని రా అన్నా, పూడిక తీద్దాం. నీళ్ళు ఊరితే చుక్క ఆడ పెట్టిద్దువు."