ఎర్ర అంగీ రాజుగారు

సియోల్‌లోని గ్యోంగ్‌బొక్ కోట గుమ్మం ముందు, అద్దెకి తెచ్చుకున్న ఎర్రటి రాజు అంగీ తొడుక్కుని, నల్ల టోపీ పెట్టుకుని డెబ్బై ఏళ్ళ పెద్దావిడ నిలబడింది. టికెట్లు చూసే పిల్ల నవ్వాపుకోలేకపోయింది.

“మామ్మగారూ, మీ వయసువాళ్ళకి ఎలాగూ ఊరికేనండీ. కార్డు చూపిస్తే చాలు.”

“చూపించను. పాతకాలం బట్టలు కట్టుకొస్తే ఊరికేనని బోర్డు పెట్టారుగా? ముసల్దాన్నని కాదు, రాజునని పంపు.”

“రాణి బట్టలు దొరకలేదా?”

“దొరక్కేం! రాణికి అత్తగారికి వంగి వంగి దణ్ణాలు పెట్టడమేగా పని? ఇంటికి పెద్దకోడల్ని, ఆ ఉద్యోగం చేసి చేసి దిగిపోయాను.”

“టోపీ వెనకది ముందుకి పెట్టుకున్నారు, మహారాజా.”

“సర్దు మరి. రాజులు తామే సర్దుకుంటారా?”

“ఒక్కరే వచ్చారా?”

“ఒక్కదాన్నే! ఇది చూసి, మ్యూజియం చూసి, బుక్‌చోన్ సందులన్నీ తిరిగి, వేడివేడి నూడుల్స్ తింటాను. ఎవరికీ వడ్డించకుండా!”

“మీ ఫోను మోగుతోందండీ.”

“మా ఆయనే. కిమ్చి పచ్చడి డబ్బా కళ్ళెదురుగానే ఉంటుంది, ఆయనకి కనపడదు. రాజు ఫోనెత్తుతాడటే? నువ్వెత్తు.”

ఆ పిల్ల గొంతు సవరించుకుంది. “మహారాజుగారు కొలువులో ఉన్నారండీ... ఆఁ... అలాగే.” ఫోను చేత్తో మూసింది. “కిమ్చి దొరికిందట, మహారాజా. మరి రాత్రి భోజనం సంగతేమిటని అడుగుతున్నారు.”

పెద్దావిడ అంగీ చేతులు ఎగరేసుకుంటూ గుమ్మం దాటింది.

“వంట చేసి సిద్ధంగా ఉంచమన్నానని మా రాణిగారితో చెప్పు!”