ఎవాండ్రో శనివారాలు

బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రె. శనివారం మధ్యాహ్నం, జులైకా వంటిల్లు. ఆమె భర్త, బస్సు డ్రైవరు ఎవాండ్రో పోయి నాలుగు నెలలు. ఆయన స్నేహితురాలు నోయెమీ ఇప్పుడే వచ్చి బల్ల మీది కంప్యూటర్ ముందు కూర్చుంది.

"మూడు రోజుల నుంచి ఇంతేనండీ. నల్ల తెర, నాలుగు లైన్లు, ఆ తర్వాత రాయిలా బిగుసుకుపోతుంది."

"మొదటి రోజే నన్ను పిలవాల్సింది జులైకా."

"మిమ్మల్ని పిలవకుండా అవుతుందేమోనని చూశాను."

"పోనీలే, దాచుకోకుండా చెప్పావు."

"సోమవారంలోగా ఇది లేవాలి. లేకపోతే మా బడిలో ఆయన పెట్టిన కంప్యూటర్ల గది ఖాళీ చేసి, విరిగిన బెంచీలు పడేస్తారట. సెలవుల్లో ఎవరో పద్నాలుగింటిలోనూ ఉన్నదంతా తుడిచేసి కొత్తది ఎక్కించారు. ఇప్పుడు ఒక్కదానికీ నెట్ రావట్లేదు. కంప్యూటర్‌ని లేపి నడిపించే ఆ కెర్నెల్ ఆయన కట్టినదైతేనే ఆ పాత నెట్ కార్డులు పనిచేసేవి. అందుకే ఒకటి ఇంటికి తెచ్చి, నేనే కడదామని..."

"తెలుసు."

"మీకు తెలియనిదేముంది!"

"మాతే టీ పోసిన బుర్ర నీ చేతిలోనే ఉంచుకున్నావు. నా వంతు రాదా?"

"ఇంకా చేదుగా ఉంది."

"ఎవాండ్రో అయితే మొదటి బుర్ర..."

"మీకిచ్చేవాడు. తీసుకోండి. పీల్చే గొట్టం కదపకండి."

"నేనూ ఈ ఊళ్ళోనే పుట్టాను తల్లీ. సరే, ఈ లైను చూడు. డిస్కు దొరకలేదంటోంది. నిద్ర లేచింది, కళ్ళు తెరిచింది, ఇల్లెక్కడో తెలియలేదు. కట్టే ముందు వేలకొద్దీ ప్రశ్నలు అడుగుతుందిగా, ఇది కావాలా, అది కావాలా అని. ఏమని జవాబిచ్చావు?"

"తెలిసినవాటికి అవునన్నాను."

"తెలియనివాటికి?"

"వద్దన్నాను."

"అన్నిటికీ?"

"తెలియకుండా రాస్తే మార్కులు కోస్తానని ఇరవై రెండేళ్ళుగా పిల్లలకి చెప్తున్నాను. నేనెలా రాస్తానండీ?"

"లెక్కల టీచరు కెర్నెల్ కడితే ఇంతే మరి! డిస్కుని నడిపే ముక్కనే వద్దన్నావు."

"నవ్వకండి."

"నవ్వట్లేదు. ముందు వాళ్ళు ఎక్కించినదానితో లేపు. ఇదిగో, దీనికి అవునను. నువ్వే నొక్కు, నేను ముట్టుకోను. పాత కార్డు తాలూకు ముక్క పెట్టావా?"

"ఆయన ఫైళ్ళలో దొరికింది. పెట్టాను."

"అయితే మళ్ళీ కట్టు. ముప్పావు గంట పడుతుంది."

"ఆయనకీ అంతేనా?"

"ఎక్కువే పట్టేది."

"మీ ఇంట్లో."

"మా ఇంట్లోనే."

"ప్రతి శనివారం."

"జులైకా, నీళ్ళు చల్లారాయి. కాస్త పొయ్యి మీద..."

"తొమ్మిదేళ్ళు! ప్రతి శనివారం! డ్యూటీ దిగి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసి, సెంటు కొట్టుకుని మరీ. కెర్నెల్‌కి సెంటెందుకండీ?"

"డీజిల్ వాసన పోదని బాధపడేవాడు."

"నేనెప్పుడైనా అన్నానా? నాకా వాసన అలవాటే."

"నువ్వన్నావని ఎవరన్నారు?"

"నాకూ నేర్పమని ఎన్నిసార్లు అడిగానో. ఇంకోసారి, ఇంకోసారి అనేవాడు. మీకు మాత్రం..."

"నాకేం నేర్పలేదు."

"అబద్ధం. కంప్యూటర్ లేవగానే కట్టినవారి పేరు వస్తుంది. నేను చూడలేదనుకున్నారా? నోయెమీ. పద్నాలుగింటిలోనూ నోయెమీ! ఒక్కదానిలోనైనా నా పేరు పెట్టలేకపోయాడా? పిల్లలు అడిగారు, టీచర్, నోయెమీ ఎవరు అని."

"ఏం చెప్పావు?"

"ఎక్కాలు ఒప్పజెప్పమన్నాను."

"ఆ పేరు ఎవరూ పెట్టరు జులైకా. ఎవరి పేరుతో తెరిచిన కంప్యూటర్లో కడితే వాళ్ళ పేరు అదే వేసుకుంటుంది."

"అవును, నీ కంప్యూటరు. నీ కుర్చీ. నీ బల్ల. నాకు మిగిలింది ఆదివారాలు, ఆయన నిద్రపోయేవి. ఆయన నీకేమవుతాడు? అది చెప్పి కదులు."

"ముందు ఇది కానివ్వు."

"చెప్పు."

"కానివ్వమన్నానుగా."

ముప్పావు గంట తెర మీద లైన్లు పరుగెత్తుతూనే ఉన్నాయి.

"తెర ఆగిపోయింది జులైకా."

"మళ్ళీ చెడిందా?"

"లేదు, అయిపోయింది. ఆపి మళ్ళీ పెట్టు. కంగారుపడకు."

"నాలుగు లైన్లు దాటింది... ఇంకా పోతోంది... ఆగలేదు! నోయెమీ, ఆగలేదు!"

"వెనకాల చూడు. కార్డు దీపం?"

"వెలుగుతోంది. పచ్చగా. నెట్ వచ్చింది!"

"వచ్చింది. కట్టింది జులైకా అని పేరు కూడా వేసుకుంది."

"నువ్వేంటి, ఏడుస్తున్నావా? లేచిందిగా."

"అతను కట్టింది ఒక్కసారీ లేవలేదు."

"ఎవరు?"

"ఎవాండ్రో. తొమ్మిదేళ్ళూ ఏదో ఒకటి మర్చిపోయేవాడు. ఇంకోసారి అనేవాడు, ఇంకోసారి. చీకటి పడేవేళకి విసిగిపోయి, నువ్వే కట్టివ్వు నోయెమీ, సోమవారం పిల్లలొస్తారు అనేవాడు. పద్నాలుగూ నేను కట్టినవే. ఆ కార్డు ముక్క రాసిందీ నేనే."

"మరి బడిలో అందరూ ఆయన్నే... బస్సు డ్రైవర్ని పట్టుకుని పిల్లలు సార్, సార్ అని..."

"అనేవారు. వింటుంటే నాకు కడుపు మండేది. ఒకరోజు ఉండబట్టలేక, నిజం చెప్పేస్తావా, నన్ను చెప్పమంటావా అన్నాను. చెప్పుకో అన్నాడు. హెడ్‌మిస్ట్రెస్‌కి చెప్పుకో, పిల్లలకి చెప్పుకో, జులైకాకి మాత్రం వద్దన్నాడు."

"నాకెందుకు వద్దు? నేను నవ్వుతాననా?"

"అదే అడిగాను. నీకు రాని పని ఒక్కటైనా తనకి వచ్చని నువ్వు అనుకుంటుంటే, అది చాలన్నాడు."