గోడ బయటి కొళాయి

బెంగళూరు పక్కనున్న జిగణిలో సొంత ఫ్యాక్టరీ గేటు ముందు కారు ఆగినా తల్లి దిగలేదు. తండ్రి పోయి ఏడాదైంది. ఆయన విగ్రహం మీది గుడ్డ ఆమె చేతే తీయించాలని కొడుకు పట్టుదల.

“అమ్మా, మినిస్టర్ వచ్చి కూర్చోనుండాడు. దిగు.”

“ఇక్కడుండిన కొళాయి ఏమైంది?”

“విగ్రహానికి జాగా చాలక లోపలికి మార్పించినా. నీళ్లేమీ ఆపలేదు. వాచ్‌మన్‌కు చెప్పి ఎవురైనా పట్టుకోవచ్చు.”

“ఏమని చెప్పల్ల?”

“పేరు, యాడుండేది. అంతే. సెక్యూరిటీ ఉండల్ల కదమ్మా.”

“మీ నాయన దాన్ని గోడ బయట ఎందుకు పెట్టించినాడో తెలుసునా?”

“జనం లోపలికి రాకుండా.”

“కాదప్పా. ఈ ఊరికొచ్చిన కొత్తలో నీళ్లకని ఒక మిల్లు గేటు కాడికి పోతే, ఎవురు నువ్వు, ఎవురి మనిషివని అడిగి ఎండలో నిలబెట్టినారంట. దప్పికైనోడు పేరు చెప్పుకోకూడదని, ఈ గేటు కట్టకముందే కొళాయి పెట్టించినాడు.”

అతను వాచీ చూసుకున్నాడు.

“రేపు మాట్లాడదాం. అందరూ ఇటే చూస్తాండారు, పరువు తీయొద్దు.”

ఆమె ఖాళీ సీసా అతని చేతిలో పెట్టింది.

“నాకు దప్పికైతాంది. పోయి పట్టుకోనిరా. గుడ్డ సంగతి తర్వాత.”

“నన్ను చూస్తే వాచ్‌మన్ ఏమీ అడగడమ్మా.”

“అట్లయితే ఆ యమ్మ ఎనకాల నిలబడు.”

అతను అటు చూశాడు. గేటు దగ్గర ఒక ఆడమనిషి, చంకలో ఖాళీ బిందెతో, వాచ్‌మన్‌కు రెండోసారి తన పేరు చెబుతోంది.